వాపోవడంలో వాపు లేదు

వార్తలు దిద్దేవాడికి క్రియాపదాల కరువు ఎప్పుడూ ఉంటుంది. ప్రతి వాక్యాన్నీ "అన్నారు" అని ముగిస్తే చదివేవాళ్లకు విసుగు. అందుకని నా చేతిలో మంత్రిగారు ఉద్ఘాటించేవారు, ప్రతిపక్షం ధ్వజమెత్తేది, రైతు మాత్రం వాపోయేవాడు.

ఈ 'వాపోవడం' అనే మాట పుట్టుక మీద నాకొక సొంత సిద్ధాంతం కూడా ఉండేది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోవడమే వాపోవడమని, నోట్లో నలిగి మధ్యలో 'చి' ఎగిరిపోయిందని కొత్తగా చేరిన పిల్లలకు బల్లగుద్ది చెప్పేవాణ్ణి. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, "సార్, తమిళంలో వాయ్ అంటే నోరు. ఇదీ అదేనేమో?" అంది. "మన తెలుగులో వాయి అంటే గారెల వాయేనమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. నేను ఇంకొంచెం ఎక్కువ నవ్వాను.

ఆ పిల్ల నోరు మూయిద్దామనే ఆ రాత్రి నిఘంటువు తీశాను. వాయి అంటే అచ్చతెలుగులోనూ నోరే. కన్నడిగుల బాయి, తమిళుల వాయ్, మన వాయి ఒకే ఇంటివి. వాతెర అంటే పెదవి. వావిడుచు అంటే బిగ్గరగా ఏడవడం. వాపోవు కూడా ఆ వరసలోదే: నోరు తెరిచి గోలున ఏడవడం. అంతెందుకు, మృత్యువాత పడటమంటే మృత్యువు నోట పడటం. నేనేమో యముడు కాల్చిన కడ్డీతో వాత పెడతాడని ఊహించుకుంటూ అన్ని ప్రమాదవార్తలు దిద్దాను!

పుట్టుక తెలియకపోవడం పెద్ద తప్పేమీ కాదు. ఉల్లి ధర పడిపోయిందని తలదించుకుని మెల్లగా చెప్పిన రైతు చేతా, వేదిక మీద కుర్చీ వేయలేదని అలిగిన నాయకుడి చేతా ఒకే పేజీలో వాపోయించాను చూడండి, తెలివితక్కువతనమంటే అదీ. ఇద్దరిలో ఒక్కరూ ఏడవలేదు. నిజంగా గుండెలు బాదుకుని ఏడ్చిన తల్లి గురించి రాయాల్సి వచ్చేసరికి, ఆ మాటలో ఏడుపు మిగల్లేదు. "బోరున విలపించింది" అని అరువు తెచ్చుకున్నాను.

ఇప్పుడు నాయకుల వాపోవడాలన్నీ కొట్టేసి "ఫిర్యాదు చేశారు" అని రాస్తున్నాను. చిత్తూరు అమ్మాయితో మాత్రం, "నువ్వు చెప్పిందీ ఒక వాదనేనమ్మా" అన్నాను. నువ్వే రైటని చెప్పడానికి నోరు రాలేదు.