ముందు సంచి విప్పించు

ఏమయ్యా కుర్ర డాక్టరూ, మొహం గుండ్రంగా ఉబ్బి, మెడ వెనక కొవ్వు పేరుకుని, చేతులూ కాళ్ళూ మాత్రం చిక్కిపోయిన మనిషి నీ గదిలో అడుగు పెట్టగానే తలకి ఎమ్మారై రాసేస్తావేం? మా రోజుల్లో అలాంటి తొందర చూపిస్తే ప్రొఫెసరుగారు వార్డులో అందరి ముందూ కడిగేసేవారు. అసలప్పుడు స్కానెక్కడిదంటావు. లేదు, అందుకే కళ్ళూ చేతులూ పనిచేసేవి. రోగిని గొంతుక్కూర్చోబెట్టి, చేతుల సాయం లేకుండా లేవమనేవాళ్ళం. తొడల్లో సత్తువ పోయినవాడు లేవలేడు. పొట్టమీద చారలు చూసేవాళ్ళం. ఒంట్లో కార్టిసాల్ తరహా స్టెరాయిడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బులో అవి ఊదారంగుకి తిరిగి, సెంటీమీటరు పైనే వెడల్పుంటాయి. ఇప్పుడు చొక్కా ఎత్తమని అడిగే తీరికెవరికుంది?

అన్నిటికంటే ముందు రోగి తెచ్చుకున్న సంచి విప్పించేవాళ్ళం. ఆయాసానికి ఆరెంపీ ఇచ్చిన చిన్న తెల్లమాత్రలు, కీళ్ళనొప్పులకి సంతలో కొన్న పొట్లాలు, ఏళ్ళ తరబడి మొహానికి రాసుకుంటున్న క్రీము, అన్నీ బల్లమీదికి వచ్చేవి. ఈ లక్షణాలకి లోకంలో ఎక్కువగా కనిపించే కారణం బయటినుంచి ఒంట్లోకి చేరిన స్టెరాయిడే, అప్పుడూ ఇప్పుడూ కూడా. అలాంటివాడికి సొంత కార్టిసాల్ తక్కువగా ఉంటుంది, అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. నువ్వేమో అతని తలంతా ఫొటో తీయిస్తావు, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఆపైన ఆ మాత్రలు ఒక్కసారిగా మాన్పించేస్తావు కూడా. ప్రాణాలమీదికి వస్తుంది నాయనా, మెల్లగా తగ్గించాలి.

సంచిలో ఏమీ లేకపోతే అప్పుడు మొదలయ్యేది అసలు వేట. 1960లో లిడిల్ అనే ఆయన దారి చూపించాడు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆరుగంటలకోసారి అర మిల్లీగ్రాము చొప్పున రెండు రోజులు, తర్వాత రెండేసి మిల్లీగ్రాములు మరో రెండు రోజులు. రోజంతా పోసిన మూత్రం డబ్బాలో పట్టాలి, ఒక్కసారి పారబోసినా లెక్క మళ్ళీ మొదటికే. డబ్బాకి కాపలా మేమే. పిట్యూటరీ గడ్డ అయితే పెద్ద మోతాదుకి చాలాసార్లు లొంగుతుంది, అడ్రినల్ గడ్డ లొంగదు. ఇప్పుడు నీకు రాత్రి 11 గంటలకి ఒక్క మిల్లీగ్రాము మాత్ర, పొద్దున 8 గంటలకి ఒక్క రక్తపరీక్ష. కార్టిసాల్ డెసీలీటరుకి 1.8 మైక్రోగ్రాముల లోపుకి దిగితే జబ్బు దాదాపు లేనట్టే. దిగకపోతే అడ్రినల్‌ని నడిపే హార్మోను ఏసీటీహెచ్ చూడు. అది అణగిపోయి ఉంటే తప్పు అడ్రినల్‌ది, లేకపోతే పిట్యూటరీది, లేదా ఊపిరితిత్తుల్లోనో మరెక్కడో దాగిన గడ్డది. ఇంత సుళువు చేసి చేతిలో పెట్టినా వరస తప్పుతావేం?

వరస తప్పితే ఏమవుతుందో చెబుతా విను. ఏ జబ్బూ లేని పదిమందికి ఎమ్మారై తీస్తే ఒకరి పిట్యూటరీలో చిన్న మచ్చ కనిపిస్తుంది. నిజంగా జబ్బున్న చాలామందికి ఏమీ కనిపించదు. మచ్చ కనిపించిందని పిట్యూటరీకి ఆపరేషను చేయిస్తే, దొంగ ఊపిరితిత్తిలో కూర్చుని ఉంటాడు.

మా రోజులన్నీ బంగారమని అననులే. మూలం దొరక్క రెండు అడ్రినల్ గ్రంథులూ తీసేసిన రోజులున్నాయి. ఆ మనుషులు బతికినంతకాలం మాత్రలమీదే బతికారు, కొందరికి తర్వాత పిట్యూటరీ గడ్డ పెరిగి ఒళ్ళంతా నల్లబడింది. 1958లో నెల్సన్ అనే డాక్టరు రాసింది దాని గురించే. ఇప్పుడు గజ్జలోంచి సన్నగొట్టాలు ఎక్కించి, పిట్యూటరీ నుంచి రక్తం దిగే రెండు సిరల్లోనూ ఏసీటీహెచ్ కొలుస్తున్నారు. చేతి రక్తంలో కంటే అక్కడ రెండింతలు, పిట్యూటరీని రెచ్చగొట్టే సీఆర్‌హెచ్ ఇచ్చాక మూడింతలు ఉంటే మూలం పిట్యూటరీయే. ఇది మాకుంటే ఎంతమంది గ్రంథులు మిగిలేవో!

అది చేతనైనవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉండరు, ఉన్నచోటికి పంపు. పంపేముందు ఏం మందులు వాడాడో, డెక్సామెథసోన్ తర్వాత కార్టిసాల్ ఎంతుందో, ఏసీటీహెచ్ ఎంతో నీ చేత్తో రాసి పంపు. ఉత్త సీడీ చేతికిచ్చి తోసెయ్యకు.