రైతుకు బీమా ఉంది, చేనుకు లేదు

తెలంగాణలో రైతు చనిపోతే లెక్క పక్కాగా ఉంటుంది. 2018 ఆగస్టు నుంచి రైతుబీమా నడుస్తోంది. పేరున పట్టా ఉండి, వయసు 18 నుంచి 59 మధ్య ఉంటే చాలు. ప్రీమియం సర్కారే ఎల్‌ఐసీకి కడుతుంది. ఏ కారణంతో పోయినా పది రోజుల్లో నామినీ ఖాతాలో 5 లక్షలు పడాలన్నది నియమం. అదే రైతు బతికుండి పైరు చచ్చిపోతే మాత్రం పాలసీ లేదు, గడువు లేదు, అడిగే హక్కు అసలే లేదు. 2020లో రాష్ట్రం ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తప్పుకున్నాక చేనుకు మిగిలిన బీమా ఏజెంటు ముఖ్యమంత్రి హెలికాప్టరే. దిగితే క్లెయిమ్ ఉన్నట్టు, దిగకపోతే లేనట్టు.

2023 మార్చిలో వడగళ్లు పడితే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం జిల్లా చేలలోకి వచ్చి ఎకరానికి 10 వేలు ప్రకటించారు. 2024 మార్చిలో కొత్త ప్రభుత్వం ఫసల్ బీమాలో మళ్లీ చేరతామంది. ఆ సెప్టెంబరులో మున్నేరు, ఆకేరు పొంగి చేలల్లో ఇసుక మేటలు వేసేసరికి రైతు చేతిలో బీమా కాగితం లేదు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఎకరానికి 10 వేలన్నారు. పార్టీ మారింది గానీ పదివేలు మారలేదు. మొక్కజొన్నకూ అంతే, పెట్టుబడే లక్ష దాటే మిర్చికీ అంతే. కేంద్రం లెక్క కన్నా ఇది ఎక్కువే, కాదనను. విపత్తు నిధి కింద నీటివసతి ఉన్న పంటకు హెక్టారుకు 17 వేలు, మెట్టకు 8,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఆపైన 33 శాతం నష్టమన్న గీటురాయి ఒకటి. విస్తరణాధికారి గట్టు మీద నిలబడి, పడిపోయిన వరినీ నిలిచిన వరినీ మార్చి మార్చి చూసి, పోయింది 32 శాతమేనని రాసుకుంటే ఆ చేను మీద వాన పడనట్టే. పదో తరగతి పిల్లాడికి పాసు మార్కు 35. పైరుకు రెండు మార్కులు తగ్గించారు, సంతోషం.

బీమా కంపెనీలు ప్రీమియం మింగి క్లెయిములు ఎగ్గొడతాయి, అందుకే ఫసల్ బీమా నుంచి బయటికొచ్చామంటారు పాలకులు. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. వానాకాలం ఆహార పంటకు రైతు కట్టేది 2 శాతమే అయినా, మిగతాది రాష్ట్రమూ కేంద్రమూ పంచుకుని కట్టాలి. డబ్బు కట్టాక క్లెయిము కోసం ఏళ్లు ఎదురుచూసిన రైతులూ ఉన్నారు. అయితే కంపెనీ నచ్చకపోతే కంపెనీని వదలాలి గానీ బీమానే వదిలేస్తారా? అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ కూడా కేంద్ర పథకం నుంచి బయటికొచ్చింది. కానీ ఈ-క్రాప్‌లో నమోదైన పంటకు రైతు దగ్గర పైసా తీసుకోకుండా సొంత బీమా నడిపి, 2022లో మళ్లీ కేంద్ర పథకంలో చేరింది. అక్కడా లోపాలున్నాయి, కానీ చేనుకు ఒక కాగితమంటూ ఉంది. ఊరికే ఇస్తున్న సాయానికి వంకలేమిటనే పెద్దలూ ఉన్నారు. సాయం రాకపోతే ఏ కోర్టుకెళ్లి ఏ షరతు చూపించాలో వారే సెలవివ్వాలి. పాలసీ ఉంటే రైతు అడుగుతాడు, సాయమైతే దండం పెడతాడు. ఏ సర్కారుకైనా దండమే ముద్దు.

ఇక కౌలు రైతు సంగతి. అతనికీ సాయం అందాలని 2023లో సర్కారే చెప్పింది. కానీ 2011 నాటి కౌలుదారుల చట్టం ప్రకారం ఇవ్వాల్సిన రుణ అర్హత కార్డులను మూలన పడేశాక, ఫలానా చేను ఫలానావాడు దున్నాడనడానికి రుజువేది? సాయం పాసు పుస్తకం వెంట పోతుంది, పుస్తకం భూస్వామి బీరువాలో ఉంటుంది. పోనీ చచ్చిపోతేనైనా ఏమైనా వస్తుందా అంటే, రైతుబీమాలోనూ కౌలు రైతు పేరు లేదు.