జత కనిపిస్తే యాభై!

పటాన్‌చెరు మందుల కంపెనీల షిఫ్టులు వద్దనుకున్న బీఫార్మసీ, బయోటెక్నాలజీ పట్టభద్రులకు మరో దారి దొరికింది: అమెరికా ఆస్పత్రుల బిల్లులకు కోడ్లు రాయడం. సంగారెడ్డి నుంచి హైదరాబాద్ దాకా ఈ విద్యలో చెలామణీ అయ్యే చిట్కాల్లో మకుటాయమానం ఒకటుంది. ఒంట్లో ఏది రెండుంటే దాని కోడుకు తోకగా మాడిఫైయర్ 50. మోకాళ్లు రెండు, యాభై. చెవులు రెండు, యాభై. ముక్కు రంధ్రాలూ రెండే, అదీ యాభై. దేవుడు మనిషిని జతలు జతలుగా పుట్టించింది కోడర్ పని సులువు చేయడానికేనన్నంత ధీమా!

కానీ 50 అవయవాల లెక్క కాదు. ఒకే సిట్టింగులో అదే ప్రొసీజర్ రెండు వైపులా చేశారని చెప్పే గుర్తు. దానికి డబ్బెంతో తేల్చేది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఫీజు పట్టికలో బైలాటరల్ ఇండికేటర్ అనే గడి. అందులో 1 ఉంటే, మోకీలు మార్పిడిలా, రెండు వైపులకూ కలిపి 150 శాతం. 2 ఉంటే రెండో వైపు ధర ముందే కలిపేశారు, వచ్చేది 100 శాతమే. 3 ఉంటే, ఎక్స్‌రేలకు మల్లే, వైపుకు 100 చొప్పున 200. సున్నా అయినా 9 అయినా 150 ఊసే లేదు. ఒకటీ ఒకటీ కలిస్తే ఒకచోట ఒకటిన్నర, ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు అయ్యే లోకంలో ఎక్కం బట్టీపట్టి ఏం లాభం? చెవి గులిమి సంగతే చూడండి. గట్టిపడ్డ గులిమిని పరికరంతో తీసే కోడు 69210. అది ఒక్క చెవికేనని, రెండు చెవులైతే 50 తగిలించమని 2014 నుంచి ప్రొసీజర్ కోడ్ల పుస్తకం సీపీటీ చెబుతోంది. మెడికేర్ మాత్రం ఆ కోడును 2 గడిలో కూర్చోబెట్టి, ఎన్ని చెవులు తోడినా కూలి ఒక్కటే పొమ్మంటుంది. ప్రైవేటు బీమా కంపెనీల్లో కొన్నింటికి అసలు 50యే వద్దు. కుడి, ఎడమ అని రెండు లైన్లు రాయాలి.

పటాన్‌చెరు పక్కనే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో గుండె స్టెంట్లు తయారవుతాయి. కుడి ధమనిలో ఒకటి, ఎడమ ధమనిలో ఒకటి వేశారనుకోండి, మన చిట్కా పండితుడు కళ్లు మూసుకుని యాభై కొట్టేస్తాడు. ధమనులు ఎన్నున్నా గుండె ఒక్కటేనయ్యా! అక్కడ ఏ నాళమో చెప్పే ఎల్‌డీ, ఎల్‌సీ, ఆర్‌సీ మాడిఫైయర్లు వేరే ఉన్నాయి.

‘తప్పు రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది, ఆపైన ఆడిటర్ ఉన్నాడు’ అంటారు. పట్టికకు పొసగనిది సాఫ్ట్‌వేర్ పట్టొచ్చు. రెండు మోకాళ్లకు ఆపరేషన్ జరిగితే ఒక్కదానికే రాసి ఊరుకున్న బిల్లు దాని కంటికి నిక్షేపంగా కనిపిస్తుంది. ఆడిటర్ చూసేది కొన్ని చార్టులే. గంటకు ఇన్ని చార్టులని తరుముతుంటే గడి చూసే తీరికేదన్న వాదనలో న్యాయముంది. దానికి జవాబు చెప్పాల్సింది టార్గెట్లు పెట్టినవాళ్లు. ‘పోయేది అమెరికా డబ్బేగా’ అనేవారికి మాత్రం ఒక్క మాట. ఆ బిల్లులో రోగి చేతి నుంచి కట్టే వాటా కూడా ఉంటుంది. పైగా ప్రభుత్వానికి తెలిసి గానీ, నిజానిజాలు బొత్తిగా లెక్కచేయకుండా గానీ తప్పుడు బిల్లు పంపితే నష్టానికి మూడింతలు రాబట్టే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం అక్కడుంది. 1863లో పుట్టినా దానికి ఇంకా పళ్లూడలేదు.

కోర్సుకు ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: 69210కి మెడికేర్ గడిలో ఏ అంకె ఉంది? ‘చెవులు రెండు కదా’ అని జవాబొస్తే, ఆ డబ్బు జేబులోనే పెట్టుకుని బస్సెక్కండి.