హుక్కు

హైదరాబాద్ శివారులో కొత్తగా కడుతున్న గోడౌన్‌లో లైట్లు బిగించే పని. ఎలక్ట్రీషియన్‌గా పదకొండేళ్లు ఎత్తుల మీదే గడిపాను. ఆ రోజు జరిగినదానికి మిషన్‌ని అనలేను, నేలను అనలేను. తప్పంతా నాది.

చాలాకాలం సీజర్ లిఫ్ట్ మీద చేశాను. అది నిటారుగా లేస్తుంది, నిటారుగా దిగుతుంది. బెల్టు వేసుకుని హుక్కు నడుముకే తగిలించుకోవడం అక్కడ అలవాటైంది. అదే అలవాటుతో బూమ్ లిఫ్ట్ ఎక్కాను. బూమ్ సంగతి వేరు. పొడవాటి చెయ్యి చివర బాస్కెట్ ఉంటుంది. కింద చక్రం నాలుగంగుళాలు దిగబడితే, నలభై అడుగుల పైన బాస్కెట్ అడుగున్నర పక్కకు పోతుంది. ఆ ఊపు లోపలి మనిషిని గులేరులో రాయిలా విసురుతుంది. అందుకే బాస్కెట్‌లోనే హుక్కు తగిలించే చోటు పెడతారు, బెల్టు తాడు పొట్టిగా ఉంచుతారు. ఇదంతా నాకు తెలుసు. పొద్దున్నే జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో ఎన్నిసార్లు విన్నానో.

నాతో మా ఊరి పిల్లవాడు ఉన్నాడు, హెల్పర్. బాస్కెట్ ఎక్కగానే హుక్కు తగిలించాడు. తాడు చాలక మూల అందడం లేదు. "తీసెయ్‌రా, ఇట్లయితే సాయంత్రానికి నాలుగు లైట్లు గూడ కావు" అని కసిరాను. తీశాడు.

తర్వాతి లైటు దగ్గరికి జరగాలంటే ముందు బూమ్ దించాలి. దించలేదు. పైనుంచే పెడల్ తొక్కి బండి నడిపాను. కేబుల్ కోసం తీసిన కాలువ, జానెడు లోతు కూడా లేదు, దాని మీద ప్లైవుడ్ ముక్క ఉంది. మనుషులు దాటడానికి రెండు రోజుల ముందు నేనే వేశాను. ఆరు టన్నుల పైచిలుకు బండి దాని మీదికి ఎక్కింది.

ప్లైవుడ్ విరిగిన చప్పుడు నాకు వినపడలేదు. కాళ్లు గాల్లోకి లేచాయి. పొట్ట పైకడ్డీ మీద, తల బయట, ఎదురుగా సిమెంటు నేల. అంత ఎత్తు నుంచి కింద పడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. వెనక నుంచి ఎవరో నా బెల్టు పట్టి లాగారు. ఆ పిల్లవాడే. నేను అటు తిరగగానే హుక్కు మళ్లీ పెట్టుకున్నాడట. అది ఉండబట్టే వాడు నిలబడ్డాడు, నన్ను ఆపాడు.

దిగాక నేను చేసింది ఇంకా సిగ్గుచేటు. సూపర్‌వైజర్ వచ్చి అడిగితే "ఏం లేదు సార్, టైరు దిగబడింది" అన్నాను. పిల్లవాడికి కళ్లతోనే చెప్పొద్దన్నాను. వాడు తల దించుకున్నాడు. నిజం చెప్పి రిజిస్టర్‌లో రాయించడానికి నాకు తెల్లారేదాకా పట్టింది. ఆలోగా ఇంకో బండి అటు వెళ్లి ఉంటే?

ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాణ్ని పంపేటప్పుడు "నీ చేతుల పెడుతున్న అన్నా" అన్న మనిషి.

"మావోడు మంచిగున్నడా అన్నా? పైన పని అంటుండు, జర చూసుకో."

"మంచిగున్నడు చెల్లె" అన్నాను.

వాడు పక్కనే చాప మీద కూర్చుని, నన్ను లాగినప్పుడు ఒరుసుకుపోయిన అరచేతికి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.