పాండీ క్రిస్మస్‌కి మంకీ క్యాప్ మరవకండి

డిసెంబరంటే చలికాలమని నమ్మే అమ్మ సర్దిన పెట్టెను ఉన్నదున్నట్టు మోసుకెళ్లండి. రెండు స్వెటర్లు, మఫ్లరు, మంకీ క్యాప్. యానాం నుంచొచ్చి కాకినాడలో రైలెక్కేటప్పుడు ఇవన్నీ ముద్దొస్తాయి. మర్నాడు పుదుచ్చేరి స్టేషన్లో దిగి, పక్కనే ఉన్న తిరుహృదయ బసిలికా దాకా నడిచేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. పగలు 28, 29 డిగ్రీలు. పైగా ఈశాన్య రుతుపవనాలు పోతూ పోతూ వదిలేసిన ఉక్క. అయినా టోపీ తియ్యకండి. మిమ్మల్ని తమ ఇంటికి తీసుకెళ్లడానికొచ్చిన తాతగారు జనంలో మిమ్మల్ని పోల్చుకునేది దాన్నిబట్టే.

యానాం వాడికి పుదుచ్చేరి పరాయి దేశం ఎలా అవుతుందిరా అని మీ బాబాయి వెక్కిరిస్తాడు. రేషన్ కార్డిచ్చే ప్రభుత్వం ఒకటే, కాదనను. కానీ మధ్యలో 800 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది, అటు చివర తమిళం ఉంది. అదీ చాలకపోతే, మీరు దిగే ఇంట్లో బీరువా నిండా ఫ్రెంచి పాస్‌పోర్టులున్నాయి. 1962 ఆగస్టు 16న భారత్, ఫ్రాన్సుల ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఎవరు ఏ దేశపు పౌరులుగా ఉంటారో తేల్చుకోవడానికి ఆరు నెలల గడువిచ్చారు. ఈ తాతగారి నాన్న ఫ్రాన్సు అన్నాడు. తాతగారు ఆ దేశపు సైన్యంలో చేరి రిటైరయ్యారు. పింఛను యూరోల్లో వస్తుంది. ఇలాంటి ఇళ్లను ఊళ్లో ‘సొల్దా’ ఇళ్లంటారు.

ఆయన పిల్లలు, మనవలు పారిస్ నుంచి క్రిస్మస్‌కి వస్తారు. వాళ్ల లెక్కలో ఇది నడివేసవి. నిక్కర్లు, నల్లకళ్లజోళ్లు, మోకాళ్ల దాకా సన్‌స్క్రీన్. ఒకే సోఫాలో, ఒకే ఫ్యాను కింద, ఈ చివర మంకీ క్యాప్, ఆ చివర నిక్కరు. ఫొటో తీస్తారు. నవ్వండి.

గోదావరి మర్యాద ఎక్కడా తగ్గించకండి. తాతగారు ఏమడిగినా చేతులు కట్టుకుని ‘ఆయ్’ అనండి. ప్రయాణం బాగా జరిగిందా? ఆయ్. స్నానం చేస్తారా? ఆయ్. మూడో ‘ఆయ్’కి పిల్లలు సోఫా మీంచి జారి నేలమీద దొర్లుతారు. తమిళ పసిపిల్లల భాషలో ‘ఆయ్’ అంటే దొడ్డికి అని. ఇంట్లో ఎవరో ఒకరు మీకు బాత్రూం తలుపు చూపించేదాకా ఈ సంగతి తెలుసుకోవలసిన పనిలేదు.

దీనికంటే ముఖ్యమైంది భోజనం బల్ల దగ్గరి భాష. మామ్మగారు ఇడియాప్పం మీద మాంసం కూర పోస్తారు. ఇంకోసారి గరిటె ఎత్తగానే మీరు చెయ్యి అడ్డం పెట్టి, ‘అవసరం లేదండీ’ అంటారు. ఆవిడ ప్రేమగా తలూపి గరిటె పక్కన పెడతారు. హమ్మయ్య అనుకుంటారు కదా, అక్కడే ఉంది కథంతా. తమిళంలో అవసరమంటే తొందర. ‘తొందరేం లేదు, నెమ్మదిగా పెట్టండి’ అని మీరే చెప్పారు. అయిదు నిమిషాలాగి ఆవిడ పెడతారు. మీరు మళ్లీ ‘అవసరం లేదు’ అంటారు. ఆవిడ మళ్లీ ఆగుతారు. ఇంత ఓపికైన అతిథిని తను చూడలేదని చుట్టాలకు ఫోన్లో చెబుతారు కూడా. ‘పోదుం’ అంటే చాలు అని ఎవరైనా నేర్పబోతే వినకండి, పండగ మజా పోతుంది.

తర్వాత వివికం వస్తుంది. పాండిచ్చేరి క్రిస్మస్ కేకు. రవ్వ, వెన్న, గుడ్లు, రమ్ములో నానబెట్టిన పళ్లు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, ముక్క నోట్లో పెట్టుకుంటే ముందు వెన్న, వెనకాల రమ్ము, ఆ తర్వాత ఎండుద్రాక్ష పళ్లకింద చిట్లుతుంది. ‘కొంచెం ఘాటు, చూసుకో’ అని ఇంటివాళ్లు హెచ్చరిస్తారు. యానాం వాడికి రమ్ము గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమేననుకోండి, అయినా కళ్లు పెద్దవి చేసి వినాలి. గుడ్లెన్ని పట్టాయని మాత్రం అడగొద్దు. ద్యుమా వీధిలో 1855 నాటి దూతల మాత గుడి గోడలకు సున్నంలో కోడిగుడ్ల సొన కలిపి నున్నగా పూశారని చెప్పే ఊరిది. గుడ్ల లెక్క వీళ్ల దగ్గర తేలదు.

అర్ధరాత్రి పూజకు ముందు ‘కాస్త కునుకు తీయండి’ అంటే తీయకండి, ఉత్సాహం చూపండి. పూజ ఫ్రెంచిలో సాగుతుంది. పక్కవాళ్లు లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. మోకరించినచోట నిద్రపోతే భక్తి అనుకుంటారు. ఇంటికొచ్చాక అసలు విందు. ‘రెవెయ్యోఁ’ అంటారు, రాత్రి ఒంటిగంటన్నరకు మొదలు. పారిస్ అత్తయ్య రెండు బుగ్గలకూ ముద్దు పెట్టడానికి వంగినప్పుడు మీరు నమస్కారం పెట్టండి. ఆవిడ ముక్కుకి మీ చేతివేళ్లు తగులుతాయి. ఏం ఫరవాలేదు, ఇరువైపులా సంస్కృతి నిలబడింది.

మీరు తీసుకెళ్లిన ఆత్రేయపురం పూతరేకులు ఇప్పుడు బయటకు తీయండి. తాతగారు పై పొర కాగితమనుకుని ఓపిగ్గా ఊడదీయడం మొదలెడతారు. ఆపకండి. నాలుగో పొరకి ఆయనే ఆగి, వేలు నాకి చూసి, ఊడదీసిన ‘కాగితాలన్నీ’ ఏరుకుని తింటారు. బదులుగా మామ్మగారు అచ్చు మురుక్కు అని గొప్పగా డబ్బా తెరిస్తే, లోపల మన గులాబీ పువ్వులే ఉంటాయి. ‘ఓహ్, ఇదేమిటి?’ అనండి.

ఆ ఊపులో మన గొప్ప కూడా చెప్పుకోండి. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీ అయిన ఆనందరంగ పిళ్లై పేరుమీద కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ రాశాడనీ, ఈ ఊరికి మన పద్యం ఎప్పుడో వచ్చిందనీ. ‘అయితే అందులోంచి ఒక్క పద్యం’ అంటారు తాతగారు. వెంటనే నోట్లో గులాబీ పువ్వు పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణంలో మంకీ క్యాప్ వాళ్లింట్లోనే మరిచిపోండి. యానాం చేరగానే మామ్మగారు ఫోను చేసి, టోపీ కొరియర్‌లో పంపించనా తంబీ అని అడుగుతారు. ‘అవసరం లేదండీ’ అనండి. ఈసారి ఆవిడ ఏ అర్థం తీసుకున్నా ఒకటే.