రేపట్నుంచి వ్యాకరణం

ప్రతి ఇంట్లోనూ ఒక కాలేజీ కుర్రాడుంటాడు. ఏడాదికి మూడుసార్లు వాడికి భాష మీద భక్తి పుట్టుకొస్తుంది: జనవరి 1న, ఉగాదినాడు, సెమిస్టరు రిజల్ట్స్ వచ్చిన మర్నాడు. మా ఇంట్లో ఆ కుర్రాడు మా అక్క కొడుకు. బీటెక్ మూడో ఏడు. హైదరాబాద్‌లోనే హాస్టల్లో ఉంటాడు. ఆదివారం మా ఇంటికి భోజనానికొస్తాడు, వస్తూ వస్తూ ఒక కొత్త సంకల్పం వెంటబెట్టుకొస్తాడు.

నోటిమాట మీద వాడికి నమ్మకం లేదు. స్కేలుతో గీతలు కొట్టి, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో చార్టు రాసి, మా గది తలుపు వెనక అంటించాలి. ఈ ఉగాది చార్టుకు పైన ఎర్రరంగులో, కింద రెండు గీతలతో ‘నా లక్షాలు’ అని మకుటం. యవత్తు ఏమైందిరా అంటే, ‘మామయ్యా, నువ్వు కంటెంట్ చూడవు’ అని విసుక్కున్నాడు. చూశాను. మొదటిది, స్పెల్లింగ్ తప్పులు తగ్గించుకొనుట. రెండోది, ప్రతి వాక్యానికీ ఫుల్‌స్టాపు పెట్టుట. ఆ వాక్యానికి ఫుల్‌స్టాపు లేదు.

చార్టు ఆరాక పుస్తకాల వంతు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి రెన్ అండ్ మార్టిన్ కొన్నాడు. అంతకుముందు దాన్ని చదివినవాడెవడో పెన్సిలుతో శ్రద్ధగా గీతలు గీసుకున్నాడు. ఆ గీతలు నామవాచకం దగ్గర ఆగాయి. మావాడి హైలైటరూ సరిగ్గా అక్కడే ఆగింది. ఆ పుస్తకం ఎన్ని హాస్టళ్లు తిరిగిందో గానీ, సర్వనామం మొహం చూసిన దాఖలా లేదు.

ఇంగ్లిష్ ఒక్కటే ఏం పాపం చేసుకుందని, మాతృభాష మీద కూడా పడ్డాడు. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ డౌన్‌లోడ్ చేశాడు. 1858 నాటి పుస్తకం. పేరులో బాల ఉంది కదాని ధైర్యం. పది పరిచ్ఛేదాల్లో మొదటిదాంట్లోనే, మూడో సూత్రంలో, తెలుగుకు వర్ణాలు 36 అని ఉంటుంది. ‘నా ఫోన్ కీబోర్డులో ఇంతకంటే ఎక్కువున్నాయి మామయ్యా, ఈయన లెక్క తప్పింది’ అని ఫైలు మూసేశాడు. సంస్కృతం వర్ణాలకు వేరే లెక్కుంది, ముందు సూత్రాలు చూడరా అని నేను చెప్పేలోపు ఆర్డరిచ్చిన బిర్యానీ వచ్చింది.

వాడి మెసేజ్‌ల సంగతి వేరే చెప్పాలి. పరీక్ష రాసి బయటికొచ్చి వాళ్లమ్మకు ‘ఎగ్జామ్ రాశాను.......’ అని పెట్టాడు. ఏడు చుక్కలు. అక్క నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు: ‘ఏదో దాస్తున్నాడ్రా, ఆ చుక్కల వెనక ఏముందో కనుక్కో!’ కనుక్కుంటే ఏమీ లేదు. పేపరు తేలిగ్గానే వచ్చిందట, వేలు అక్కడ ఉండిపోయిందట. దూరపు బంధువు పెద్దాయన పోతే కుటుంబం గ్రూపులో ‘ఆయన ఆత్మకు శాంతి కలగాలి!!!’ అన్నాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి పోతే అంత ఆశ్చర్యమేమిటని మా బాబాయి అడిగాడు. ఇక ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతినాడు, ‘తెలుగు బాషా దినోత్సవ శుబాకాంక్షలు’ పెడతాడు. రజనీకాంత్ సినిమా 1995లో వచ్చిందని తెలుసు గానీ, దానికో దినోత్సవం కూడా ఉందని మాకు వాడి వల్లే తెలిసింది.

తప్పు చూపిస్తే ఊరుకోడు, వాదిస్తాడు. ‘తాళపత్రాల్లో కామాల్లేవు మామయ్యా. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా లేదు. అవన్నీ అచ్చుతో పాటు తర్వాత వచ్చినవే. నన్నయకు అక్కర్లేని కామా నాకెందుకు?’ మాట నిజమే, అదే నా ఖర్మ. ‘ఒరేయ్, నన్నయకు గణాలున్నాయి, యతిప్రాసలున్నాయి. ఎక్కడ ఆగాలో పద్యం నడకే చెబుతుంది. నీ మెసేజ్‌కి ఏ ఛందస్సుందిరా?’ అన్నాను. ‘వచన కవిత్వం’ అన్నాడు, పెరుగు కలుపుకుంటూ.

ఎదుటివాళ్ల తప్పులు మాత్రం డేగలా పట్టేస్తాడు. టిఫిన్ సెంటర్ల మెనూలూ ఫ్లెక్సీలూ ఫొటోలు తీసి నాకు పంపిస్తాడు. కింద వ్యాఖ్య: ‘ఎంత దారునం మామయ్య’.

రాదనుకుంటే జాలిపడి ఊరుకోవచ్చు. వస్తుంది! సీ ప్రోగ్రాం రాసేటప్పుడు పక్కన కూర్చుని చూశాను. ప్రతి లైను చివరా సెమికోలన్, తెరిచిన ప్రతి బ్రాకెట్టుకూ మూత. ఒక్కటి తప్పినా కంపైలర్ ఒప్పుకోదట. అంటే మనుషులం మనమే ఒప్పేసుకుంటున్నామన్నమాట.

పోయిన చలికాలం మా అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. మందుల చీటీ చూసి ఆవిడ తికమక పడుతుంటే, వాడే కూర్చుని పెద్దక్షరాలతో ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. ‘ఎర్రమూత సీసా: ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8. పచ్చమూత సీసా: పడుకునే ముందు మాత్రమే. రెండింటికీ మధ్య పది నిమిషాలు ఆగాలి.’ కళ్లజోడు సర్దుకుని వెతికాను. ఒక్క ఒత్తు పోలేదు, ఒక్క కామా జారలేదు. అమ్మ కన్ను బాగైంది. ఆ కాగితం ఇప్పటికీ తియ్యనివ్వదు, మనవడి చేతిరాతట.

అంత శ్రద్ధ మళ్లీ నెలాఖర్న చూస్తాను. ‘మామయ్యగారూ, నమస్కారం. మెస్ బిల్లు రూ. 3,500 కట్టాలి. వీలైతే ఈ రోజు పంపగలరా?’ వేల దగ్గర కామా, చివర ప్రశ్నార్థకం, పైగా ‘గారూ’. ఈ భాష నెల పొడుగునా ఎక్కడ దాచుకుంటాడో తెలీదు.

అందుకని మొన్న నెల నేనే కంపైలర్నయ్యాను. నెలంతా వచ్చిన మెసేజ్‌లు దిద్ది, తప్పుకు పది రూపాయల చొప్పున మెస్ బిల్లులో కోత పెట్టాను. 590 రూపాయలు తేలింది. మిగిలింది పంపి, లెక్క కూడా పంపాను. రెండు వారాలు మెసేజ్‌లు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. మూడో వారం మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. ఆరా తీస్తే, ఆ 590 వాళ్లమ్మ చాటుగా పంపేసిందట, ‘పాపం పిల్లాడు.......’ అంటూ.

అక్కయ్యలకు నాది ఒక్కటే మనవి: నెలాఖరు వారం మీ ఫోన్లు బావగార్లకివ్వండి. వ్యాకరణం సంగతి మేం చూసుకుంటాం.