చిప్పులు వాళ్లవి, చిప్ప మనకు!

జార్జియాలోని మన కమ్మింగ్‌లో కారు లేకపోతే కరివేపాకు కూడా దొరకదు. ఆఫీసుకైనా గుడికైనా బండి తీయాల్సిందే. సిటీ బస్సా? ఆ ఊసెత్తకండి. ఈ సంగతి మనకంటే కార్లమ్మేవాడికే బాగా తెలుసు.

కరోనా గుర్తుందిగా? 2020 మార్చిలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. తప్పు లేదు. తప్పంతా ఆ తర్వాతి తెలివిలోనే ఉంది. ఇక కార్లెవడు కొంటాడని కంపెనీలు కార్లలో వాడే చిప్పుల ఆర్డర్లు తామే రద్దు చేసుకున్నాయి. ఆ చిప్పులు కాస్తా ల్యాప్‌టాప్‌లకు, వీడియో గేములకు పోయాయి. కొన్ని నెలలకే గిరాకీ తిరిగొచ్చింది. చిప్పులు రాలేదు. సరుకు నిల్వ పెట్టుకోకపోవడమే గొప్పని దశాబ్దాలుగా లోకానికి పాఠాలు చెప్పిన మేధావులు మరి! 2021 ఏప్రిల్‌లో మన జార్జియాలోనే, వెస్ట్ పాయింట్ కియా ఫ్యాక్టరీ ఆగింది. ఫోర్డ్ చిప్పుల్లేని ట్రక్కులను కెంటకీ రేసు ట్రాక్ దగ్గర వరసగా పడేసింది. జీఎం కొన్ని మోడళ్లలో సీటు వెచ్చబెట్టే సదుపాయమే పీకేసింది.

పాపం, ఎంత నష్టపోయారో అంటారా? 2021లో అమెరికాలో జీఎం అమ్మకాలు 13 శాతం పడిపోయాయి. లాభం? 1,000 కోట్ల డాలర్లు! డీలర్ల దిగ్గజం ఆటోనేషన్ లాభం 2020లో 38 కోట్ల డాలర్లు. మరుసటేడు 137 కోట్లు. షోరూం ఖాళీ, గల్లాపెట్టె ఫుల్లు.

మనమేం చేశాం? టొయోటా సియెన్నా కోసం క్యూ కట్టాం. స్టిక్కర్ ధర పక్కనే 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని అదనపు బాదుడుతో ఇంకో స్టిక్కర్. ఇదేంటంటే "మీరు కాకపోతే ఇంకొకరు" అన్నారు. ఆ ఇంకొకరూ మనవాళ్లే! బెండకాయల దగ్గర అర డాలరుకు గింజుకునే జాతి, అక్కడ నోరు మూసుకుని సంతకం పెట్టింది. పాత బండి కొందామా? 2022 జనవరి నాటికి దాని ధరా ఏడాదిలోనే 40 శాతం పెరిగి కూర్చుంది.

పోనీ కంపెనీ దగ్గరే నేరుగా కొందామా? జార్జియా చట్టం ఒప్పుకోదు. మధ్యలో డీలరుండాలి. టెస్లాకు మాత్రం 2015లో ఐదు దుకాణాల మినహాయింపు. ఎందుకయ్యా ఈ కట్టడి అంటే, కొనేవాడి రక్షణకట! ఆ రక్షకుడేగా రెండో స్టిక్కర్ అంటించింది? ఇలా ధరలు పెంచుతున్నారని 2022 మొదట్లో ఫోర్డ్ తన డీలర్ల మీద కళ్లెర్రజేసింది. అదే ఆగస్టులో తన ఎలక్ట్రిక్ ట్రక్కు ధర వేల డాలర్లు పెంచేసింది. ఆహా, ఏం నీతి!

సర్కారువారు? అమ్మిన ధర మీద 6.6 శాతం పన్ను. బాదుడు పెరిగేకొద్దీ వారి వాటా కూడా పెరిగింది. చాల్లేదేమో, 2023 జులై నుంచి 7 శాతం చేశారు. మన జేబులో ఇంకా ఏదో మిగిలిందని అనుమానం వచ్చినట్టుంది.